రాత్రి భుజం నొప్పి: 136 రాత్రుల లెక్క

ఒడిశాలోని పర్లాకిమిడిలో కుట్టుపని చేస్తాను. వయసు 51. దసరా బట్టల ఒత్తిడిలో ఎడమ భుజం పట్టేసింది. పగలు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని, రాత్రి మాత్రం నిద్ర పోనిచ్చేది కాదు. మొదటి ఆరు వారాలు బామ్‌లతో, ఉప్పు కాపడాలతో, తలొకరు చెప్పిన కషాయాలతో గడిచిపోయాయి. వాటిలో ఇంకొకరికి పనికొచ్చేది ఏమీ లేదు కాబట్టి వదిలేస్తున్నాను. నవంబరు 10 రాత్రి నుంచి నోటు పుస్తకంలో లెక్క రాశాను. దిండ్ల కొలతలు కావాలంటే దశ 2 చూడండి. పట్టేసిన చెయ్యి పైకి లాగడానికి గిలక కట్టాలనుకునేవాళ్లు దశ 3 చదివాకే కట్టండి.

ఒక్క మాట ముందు చెప్పాలి. ఎడమ భుజం నొప్పితో పాటు గుండెల మీద బరువు, చెమట, ఆయాసం ఉంటే దిండ్లు కొలుస్తూ కూర్చోకూడదు, ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. నాకు అవేవీ లేవు. అయినా పుస్తకం మొదలుపెట్టిన రోజే ఈసీజీ తీయించాను. బాగానే ఉందన్నారు. కింద పడి దెబ్బ తగిలినా, జ్వరం ఉన్నా, చెయ్యి మొద్దుబారుతున్నా ఈ డైరీ మీకు సరిపోదు.

దశ 1: కొలతలు (నవంబరు 10–23)

సామాను: కుట్టు టేపు, చాక్, ఒక చార్టు, జామెట్రీ బాక్సులోని కోణమానిని, బాబిన్ కట్టిన దారం, మంచం పక్కన పెన్ను.

1. గోడకి ఎదురుగా, కాలి వేళ్లు గోడకి 6 అంగుళాల దూరంలో పెట్టి నిలబడాలి. వేళ్లతో గోడ మీద పాకించుకుంటూ ఎంత ఎత్తు అందితే అక్కడ చాక్ గీత. దారం వేలాడదీసి నేల నుంచి నిటారుగా కొలవాలి. కుడి 74 అంగుళాలు, ఎడమ 58.

2. చెయ్యి వీపు వెనక పెట్టి బొటనవేలు ఎంత పైకి పోతుందో చూడాలి. మెడ కింద బయటికి తగిలే ఎముక నుంచి బొటనవేలి దాకా కొలత. ఇందులో అంకె తగ్గితే మంచిది. కుడి 7, ఎడమ 18. అంటే ఎడమ చెయ్యి నడుము దాటి పైకి రావడం లేదు. వెనక హుక్కుల జాకెట్టు అప్పటికే మానేశాను.

3. మోచేయి పక్కటెముకలకి ఆనించి, ముంజేయి ముందుకి చాపి, తలుపు తెరిచినట్టు బయటికి తిప్పాలి. కటింగ్ టేబుల్ మీద చార్టు అంటించి, 5 డిగ్రీలకి ఒక గీత గీశాను. మోచేయి జారకుండా చంకలో మడత పెట్టిన తువ్వాలు. కుడి 60 డిగ్రీలు, ఎడమ 15.

ఈ మూడో కొలత నాకు తోచింది కాదు. షాపులో పని నేర్చుకునే అమ్మాయి "అక్కా, కత్తెర అందించేటప్పుడు చెయ్యి తిప్పకుండా ఒళ్లంతా తిప్పుతున్నావు" అంది. గమనిస్తే నిజమే. ఆ అమ్మాయే నా ముంజేయి పట్టుకుని మెల్లగా బయటికి నెట్టి చూసింది. నేనుగా తిప్పినా 15, తను నెట్టినా 15. గోడకి కొట్టుకున్నట్టు అక్కడే ఆగిపోయింది. దాని అర్థం ఇద్దరికీ తెలియకపోయినా రాసి పెట్టుకున్నాను. ఈ డైరీ మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చిన లైను అదే.

రాత్రి లెక్క: మెలకువ వచ్చిన ప్రతిసారీ టైము, నొప్పి పదికి ఎంత, చెయ్యి ఎక్కడుంది. లైటు వెయ్యకుండా అంచనాగా గీత పెట్టి పొద్దున సరిచేసుకునేదాన్ని. 14 రాత్రుల్లో 57 మెలకువలు. మెలకువ వచ్చేసరికి చెయ్యి ఉన్న తీరు:

ఎడమ భుజం మీదే పడుకుని: 31
వెల్లకిలా, మోచేయి పరుపులోకి దిగిపోయి: 15
కుడి వైపు తిరిగి, ఎడమ చెయ్యి ఛాతీ మీదుగా ముందుకి పడిపోయి: 8
తెలియనివి: 3

అప్పటిదాకా రాత్రి అయితే నొప్పి దానంతటదే పెరుగుతుందనే అనుకున్నాను. పగలు చెయ్యి వేలాడుతూ కదులుతూ ఉంటుంది. రాత్రి దాని మీద ఒళ్లు బరువు పడుతుంది, లేదా చెయ్యి వెనక్కో ముందుకో జారి గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. 57లో 54 సార్లు ఈ మూడింటిలో ఏదో ఒకటి.

ఇప్పటికి: 14 రాత్రులు, 57 మెలకువలు. ఖర్చు 265 రూపాయలు (ఈసీజీ 250, పుస్తకం 15).

దశ 2: మంచం, దిండ్లు (నవంబరు 24–డిసెంబరు 7)

ముందు మంచం చూశాను. మాది నవారు మంచం. పట్టె నుంచి పట్టెకి దారం బిగించి కొలిస్తే నడుమ 4 అంగుళాల గుంట ఉంది. ఎటు తిరిగినా ఒళ్లు ఆ గుంటలోకే దొర్లుతుంది, భుజం ముడుచుకుంటుంది. మా ఆయన, నేను నవారు విప్పి మళ్లీ బిగించి అల్లాం (నా వాటా ఒంటి చేత్తోనే). గుంట ఒకటిన్నర అంగుళానికి వచ్చింది.

మొదటి దిండు తప్పు. మోచేయి దిగిపోతోంది కదా అని కిలోన్నర బూరుగు దూది తెచ్చి, దాంట్లోంచి 6 అంగుళాల మందం దిండు కుట్టాను. ఎత్తు ఎక్కువై భుజం చెవి వైపు నెట్టుకుపోయింది. 5 రాత్రుల్లో 21 మెలకువలు, పైగా మెడనొప్పి. కొలవకుండా కత్తిరించను అని అందరికీ చెప్పేదాన్ని, నా దిండు మాత్రం కొలవకుండానే కుట్టాను.

రెండో తప్పు: ఎడమ వైపు తిరగకుండా నైటీ ఎడమ భుజానికి జేబు కుట్టి అందులో దూది ఉండ పెట్టాను. తిరగడం ఆగలేదు. తిరిగినప్పుడు ఆ ఉండ సరిగ్గా నొప్పి ఉన్న చోటే గుచ్చుకుంది. 2 రాత్రుల్లో 9 మెలకువలు. విప్పేశాను.

అప్పుడు కొలిచాం. నేను వెల్లకిలా పడుకున్నాను. రెట్ట వెనక్కి వాలకుండా ఛాతీతో సమంగా ఉండాలంటే మోచేయి కింద ఎంత ఎత్తు కావాలో అమ్మాయి టేపుతో చూసింది: మూడున్నర అంగుళాలు. ఇది నా ఒంటికి, నా పరుపుకి. మీది మీరు కొలుచుకోండి.

చివరికి నిలిచిన తయారీ:

1. మోచేయి దిండు: 16 అంగుళాల పొడవు, 11 వెడల్పు, చెయ్యి పెట్టి నొక్కాక మూడున్నర మందం. మోచేయి నుంచి అరచేయి దాకా దీని మీదే ఆనాలి. ముంజేయి పొట్ట మీదికి కొంచెం వాలి ఉంటే ఇంకా హాయి.

2. కౌగిలి దిండు: 30 అంగుళాల పొడవు, 8 అంగుళాల లావు, గుండ్రం. కుడి వైపు తిరిగినప్పుడు ఎడమ చెయ్యి మొత్తం దీని మీద ఉండాలి. మణికట్టు మోచేతి కన్నా కిందికి జారకూడదు.

3. అడ్డు దిండు: పాత చీరలు చుట్టి కుట్టింది. వెల్లకిలా ఉన్నప్పుడు ఎడమ పక్కన చంక కింద నుంచి మోకాలి దాకా. ఎడమకి దొర్లనివ్వదు.

4. గలీబులన్నిటికీ ఒక పక్క కుట్టకుండా నాడాలు పెట్టండి. దూది తీయాలన్నా కలపాలన్నా కుట్టు విప్పే పని ఉండదు. మొదటి దిండు మూడుసార్లు విప్పాకే ఇది తోచింది.

చివరి 7 రాత్రుల్లో 14 మెలకువలు. రాత్రికి నాలుగు ఉండేవి రెండుకి దిగాయి. భుజం మాత్రం ఏమీ మారలేదు. గోడ 58, వీపు 18, తిప్పడం 15.

ఇప్పటికి: 28 రాత్రులు, 101 మెలకువలు. ఖర్చు 565 రూపాయలు (దూది 300 కలిపి, గుడ్డ షాపులో మిగిలిన ముక్కలే).

దశ 3: గిలక (డిసెంబరు 8–17)

ఈ దశ మొత్తం తప్పే, అందుకే రోజువారీగా రాస్తున్నాను.

కొంచెం నిద్ర పట్టేసరికి భుజం కూడా నేనే వదులు చేసుకోగలననిపించింది. వసారా దూలానికి బావి గిలక కట్టి, తాడు వేసి, కుడి చేత్తో లాగి ఎడమ చెయ్యి పైకి ఎత్తడం. ఫోన్‌లో చూసిన వీడియోలో పట్టేసిన చెయ్యి ఇలాగే లాగాలి, నొప్పి ఓర్చుకోవాలి అన్నారు.

8వ తేదీ: 20 లాగుళ్లు. గోడ మీద 61. రాత్రి 5 మెలకువలు.
9వ తేదీ: 30 లాగుళ్లు. గోడ 62. రాత్రి 5.
10వ తేదీ: పళ్లు బిగబట్టి 64 దాకా లాగాను. కళ్లనీళ్లు తిరిగాయి. రాత్రి 7. తెల్లవారుజామున 3 నుంచి కూర్చునే ఉన్నాను.
11వ తేదీ: గోడ 55, మొదటి రోజు కన్నా తక్కువ. గిలక విప్పేశాను. రాత్రి 6.
12 నుంచి 17 దాకా: ఏ వ్యాయామమూ లేదు. 5, 5, 4, 3, 3, 3.

మూడు రోజుల బలవంతం చల్లారడానికి వారం పట్టింది. అదే వారంలో ఒక రాత్రి కాపడం మూట భుజం మీద పెట్టుకునే కునుకు తీశాను. పొద్దున చర్మం ఎర్రగా కందిపోయి ఉంది, కాలుతున్నట్టే తెలియలేదు. నాకు నాలుగేళ్లుగా షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి వేడి సరిగ్గా తెలియకపోవచ్చు, కాపడం మెలకువగా ఉన్నప్పుడే పెట్టుకోవాలి. వేడి నీళ్ల సంచి అయితే మధ్యలో తువ్వాలు వేసి పావుగంట చాలు.

ఇప్పటికి: 38 రాత్రులు, 147 మెలకువలు. ఖర్చు 745 రూపాయలు (గిలక, తాడు 180 కలిపి).

దశ 4: బరంపురం (డిసెంబరు 18–31)

ఇక డాక్టర్‌కి చూపించుకుందామని బరంపురం ఆసుపత్రికి బయల్దేరాను. పాతపట్నం, టెక్కలి మీదుగా బస్సు. కౌగిలి దిండు ఒళ్లో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. గతుకుల దారిలో చెయ్యి వేలాడకుండా అది చాలా మేలు చేసింది. బస్సు ప్రయాణం ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా తీసుకెళ్లండి.

బరంపురంలో తెలుగు తెలిసిన డాక్టర్లకి కొదవ లేదు, ఆ రోజు చూసినాయనకి మాత్రం రాదు. నా ఒడియాలో "రాతిరే కాంధ బింధుచి" అన్నాను. నొప్పి ఎలాంటిదో అంతకన్నా చెప్పడం చేతకాలేదు. పుస్తకం ముందు పెట్టాను. మాటలు తెలుగులో ఉన్నా అంకెలు అందరివీ ఒకటే కదా. మూడో కొలత దగ్గర ఆయన వేలు ఆగింది. మోచేయి పక్కటెముకలకి ఆనించి తనే తిప్పి చూశారు. అదే 15.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. భుజం కీలు చుట్టూ ఒక సంచి లాంటి పొర ఉంటుంది. అది వాచి, మందమై, ముడుచుకుపోతే ఫ్రోజెన్ షోల్డర్. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు తెగితే మనంతట మనం చెయ్యి ఎత్తలేకపోయినా ఇంకొకరు ఎత్తితే లేస్తుంది. ఇందులో ఇంకొకరు ఎత్తినా లేవదు. ముఖ్యంగా బయటికి తిరగదు. కీలు అరిగితే కూడా ఇలాగే బిగుస్తుంది కాబట్టి ఎక్స్‌రే తీయించారు. ఎముకల్లో తేడా ఏమీ లేదు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, ఆడవాళ్లలో ఎక్కువగా వస్తుందట. షుగర్ ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ. ముందు నొప్పి దశ, తర్వాత బిగుసుకునే దశ, ఆపైన మెల్లగా వదులయ్యే దశ. అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు. రాత్రి నొప్పి మొదటి దశలోనే ఎక్కువ.

నా పనిలో దీనికి సరిపోయే పోలిక ఉంది. ఉతికాక లైనింగ్ తగ్గిపోయిన జాకెట్టు తెలుసు కదా, పైగుడ్డ బాగానే ఉంటుంది, చంక దగ్గర లోపలి గుడ్డ పట్టేస్తుంది. అప్పుడు చెయ్యి బలంగా ఎత్తితే కుట్టు చిరుగుతుంది తప్ప లైనింగ్ సాగదు. గిలకతో నేను చేసింది అదే. వాపు ఉన్న పొరని లాగితే ఇంకా వాస్తుంది.

మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష చేయిస్తే 8.4 వచ్చింది. మాత్ర వేసుకుంటున్నాను కదా అని పరీక్ష చేయించి ఏడాది దాటింది. మాత్రలు మార్చారు. కీలులోకి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి, దాంతో కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని ముందే చెప్పి, ఇంట్లో చూసుకునే మిషన్ కొనమన్నారు. ఒప్పుకున్నాను. పరగడుపు అంకెలు:

ఇంజెక్షన్ రోజు పొద్దున 148, తర్వాత వరుసగా 231, 212, 176, 158, ఐదో రోజు 150.

231 చూసి టెన్షన్ పడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. నీళ్లు తాగండి, 300 దాటితే రండి అన్నారు. నాకు చెప్పిన హద్దు అది, మీకు మీ డాక్టర్ చెప్పిందే హద్దు. మిషన్ లేకుండా మాత్రం షుగర్ ఉన్నవాళ్లు ఈ ఇంజెక్షన్‌కి ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

మొదటి రెండు రాత్రులు తేడా లేదు. మూడో రాత్రి ఒక్కసారే లేచాను. 14 రాత్రుల్లో 22 మెలకువలు. దిండ్లు మానలేదు. ఒక రాత్రి మానితే ఏమవుతుందో చూద్దామని 27వ తేదీన తీసేశాను. మూడుసార్లు లేచాను, మూడుసార్లూ ఎడమ భుజం మీదే. మర్నాడు మళ్లీ పెట్టుకున్నాను.

ఇప్పటికి: 52 రాత్రులు, 169 మెలకువలు. ఖర్చు 5,105 రూపాయలు (బస్సు, ఫీజు, ఎక్స్‌రే, పరీక్ష, ఇంజెక్షన్, మందులు 3,260, షుగర్ మిషన్ 1,100).

దశ 5: నెమ్మదిగా (జనవరి 1–మార్చి 25)

ఫిజియోథెరపీ నాలుగుసార్లు, ఒక్కోసారి 200 రూపాయలు. చూపించుకుని ఇంట్లో చేసుకోవడమే.

1. లోలకం: కుడి చెయ్యి టేబుల్‌కి ఆనించి ముందుకి వంగి, ఎడమ చెయ్యి వదిలేసి, ఒంటి ఊపుతోనే చిన్న చిన్న సున్నాలు. రెండు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. బరువు పట్టుకోకూడదు. ఫ్రోజెన్ షోల్డర్ అని 1934లో పేరు పెట్టిన కాడ్‌మన్ అనే అమెరికా సర్జన్ పేరు మీదే ఈ వ్యాయామాన్నీ పిలుస్తారని ఫిజియో అమ్మాయి చెప్పింది.

2. టేబుల్ మీద జారుడు: కూర్చుని, అరచేతి కింద నున్నటి లైనింగ్ ముక్క పెట్టి ముందుకి జార్చడం. 10 సార్లు.

3. గజం బద్ద: రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, ఎడమ మోచేయి పక్కటెముకలకి ఆనించి, కుడి చేత్తో బద్దని మెల్లగా ఎడమకి నెట్టడం. లాగుతున్నట్టు తెలియగానే ఆగి 15 అంకెలు లెక్కపెట్టడం. 5 సార్లు.

నియమం ఒకటే: చేశాక వచ్చిన నొప్పి అరగంటలో తగ్గాలి. ఆ రాత్రి మెలకువలు పెరిగితే మర్నాడు సగమే చెయ్యాలి. "ఎక్కువ చేస్తే తొందరగా వస్తుందనుకోకండి అమ్మా" అని ఆ అమ్మాయి నాలుగుసార్లూ చెప్పింది.

జనవరి 8 నుంచి 13 దాకా సంక్రాంతి బట్టలు. రోజుకి పది గంటలు మిషన్ మీదే. ఆ ఆరు రాత్రుల్లోనే 11 మెలకువలు. మిషన్ ముందు కూర్చున్నప్పుడు వెనక నుంచి ఫోటో తీయమన్నాను. గుడ్డ నెట్టే ఎడమ చెయ్యి వైపు భుజం పైకి లేచి ఉంది. ముక్కాలి పీట ఎత్తు 16 అంగుళాలు, మిషన్ బల్లకి అది చాలడం లేదు. కాళ్ల కింద చెక్క ముక్కలు కొట్టి పద్దెనిమిదిన్నర చేశాం. మోచేయి బల్ల ఎత్తుకి వచ్చింది, భుజం దిగింది. పాతికేళ్లుగా ఆ పీట మీదే కూర్చున్నాను.

నెలవారీ:

జనవరి (31 రాత్రులు): 27 మెలకువలు. గోడ 61, వీపు 17, తిప్పడం 20.
ఫిబ్రవరి (28 రాత్రులు): 15 మెలకువలు. గోడ 64, వీపు పదిహేనున్నర, తిప్పడం 25.
మార్చి 25 దాకా (25 రాత్రులు): 7 మెలకువలు. గోడ 67, వీపు 13, తిప్పడం 35.

ఫిబ్రవరి మధ్యలో రెండు వారాలు ఏ అంకే కదల్లేదు. గిలక మళ్లీ కట్టాలని ఎంత అనిపించిందో చెప్పలేను. 11వ తేదీ పేజీ తీసి గోడ 55 అన్న లైను చదువుకుని ఊరుకున్నాను.

షుగర్ సగటు మార్చిలో 7.1.

ఇప్పటికి: 136 రాత్రులు, 218 మెలకువలు. ఖర్చు 5,905 రూపాయలు.

మిగిలినవి

వెనక హుక్కులు ఇంకా అందవు. మోచేయి దిండు తీసేసి చూసింది మార్చి 20న, ఆ రాత్రి లేవలేదు. కౌగిలి దిండు మాత్రం తీయలేదు, ఇప్పట్లో తీయను. అడ్డు దిండులో ఒక చీర తగ్గించాను.

ఈ జబ్బు ఒక భుజానికి వచ్చినవాళ్లలో కొందరికి తర్వాత రెండోదానికీ వస్తుందట, షుగర్ ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలన్నారు. అందుకని చార్టు టేబుల్ మీద నుంచి తీయలేదు. నెలకోసారి కుడి చెయ్యి కూడా కొలుస్తున్నాను. జనవరి 60, ఫిబ్రవరి 60, మార్చి 60.